కరిగిపోగా మిగిలిన వెండి డాలర్లు

అమెరికా వెండి డాలర్ 38.1 మిల్లీమీటర్ల వెడల్పు, 26.73 గ్రాముల బరువు ఉన్న నాణెం. అందులో 90 శాతం వెండి, 10 శాతం రాగి. మేలిమి వెండి ఒక్కటే తూస్తే 24 గ్రాములు దాటుతుంది, అంటే పాత లెక్కలో రెండు తులాల పైచిలుకు. చైనాతో వ్యాపారం కోసం 1873 నుంచి కొట్టిన బరువైన ట్రేడ్ డాలర్‌ను పక్కన పెడితే, 1840 నుంచి 1935 దాకా ఈ తూకం మారలేదు. మారిందల్లా మీది బొమ్మ, సంవత్సరం, టంకశాల గుర్తు. బరువులోనూ వెండిలోనూ తేడా లేని రెండు నాణేల్లో ఒకటి వెండి ధరకే అమ్ముడుపోతే, ఇంకొకటి లక్షల డాలర్లు పలుకుతుంది. ఈ తేడాకు కారణం ఎన్ని కొట్టారన్నది మాత్రమే కాదు. కొట్టినవాటిలో ఎన్ని కరిగాయి, ఎన్ని మిగిలాయి, మిగిలినవి ఏ స్థితిలో ఉన్నాయి అన్నదే అసలు లెక్క.

1792 నాటి చట్టం డాలర్‌ను అమెరికా ద్రవ్యానికి కొలమానం చేసింది. తొలి వెండి డాలర్లు 1794 అక్టోబరులో ఫిలడెల్ఫియా టంకశాల నుంచి బయటికి వచ్చాయి. అన్నీ కలిపి 1,758. ఆ విడతలో అత్యుత్తమ స్థితిలో మిగిలిన ఒక నాణెం 2013 జనవరి వేలంలో కోటి డాలర్లకు పైగా పలికింది. 1804 డాలర్ కథ ఇంకా చిత్రమైనది. ఆ సంవత్సరం వేసి ఉన్నా, అది 1804లో కొట్టింది కాదు. మూడు దశాబ్దాల తరువాత, ఆసియా దేశాలతో ఒప్పందాలకు బయలుదేరిన దౌత్యబృందం సయాం రాజుకు, మస్కట్ సుల్తానుకు కానుకగా ఇవ్వడానికి పాత సంవత్సరంతో తయారు చేయించారు. ఆ తరువాత టంకశాల లోపలే మరికొన్ని తయారయ్యాయి. మొత్తం అతి కొద్ది మాత్రమే ఉన్నాయి. వాటిలో ఒకటి 2021లో 76 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇలాంటివి మ్యూజియాలకు, కుబేరులకే అందుతాయి. మామూలు జీతగాడు సైతం చేయి పెట్టగలిగింది, అమెరికా నాణేల దుకాణాల్లో ఎక్కడ చూసినా కనిపించేది రెండే రకాలు: మోర్గన్ డాలర్, పీస్ డాలర్.

మోర్గన్ డాలర్‌ను పుట్టించింది ప్రజల అవసరం కాదు, గనుల వెండి. 1859లో నెవడాలో బయటపడ్డ కామ్‌స్టాక్ గనులు కొండల కొద్దీ వెండిని తవ్విపోశాయి. సరిగ్గా ఆ కాలంలోనే, 1873లో, అమెరికా మామూలు వెండి డాలర్ ముద్రణను ఆపేసింది. వెండి ధర జారిపోయింది. గనుల యజమానులు, అప్పుల్లో ఉన్న రైతులు దాన్ని తమపై జరిగిన నేరంగానే చూశారు. ఆ ఒత్తిడికి లొంగి కాంగ్రెస్ 1878 ఫిబ్రవరిలో బ్లాండ్ ఆలిసన్ చట్టం చేసింది. నెలనెలా 20 నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండిని ప్రభుత్వమే కొని నాణేలుగా కొట్టాలన్నది దాని సారాంశం. ఇంగ్లండు నుంచి వచ్చిన చెక్కడపు పనివాడు జార్జ్ టి. మోర్గన్ వేసిన బొమ్మకు ఆమోదం దొరికింది. స్వేచ్ఛాదేవి ముఖానికి నమూనాగా కూర్చున్నది ఫిలడెల్ఫియాకు చెందిన ఉపాధ్యాయురాలు అన్నా విలియమ్స్. బొరుసువైపు రెక్కలు చాచిన గద్ద. మొదటి ఏడాదే దాని తోక ఈకలు ఎనిమిదా, ఏడా అన్న సవరణ జరిగింది. 1878 డాలర్‌ను చేతిలోకి తీసుకున్న సేకర్త ముందుగా చూసేది ఆ ఈకలనే.

చట్టం ఉన్నంత మాత్రాన జనం ఆ బరువును జేబుల్లో మోయలేదు. పశ్చిమ రాష్ట్రాల్లో, దక్షిణాదిలో కొంత చెలామణీ సాగింది. మిగతాచోట్ల దాని బదులు నడిచింది వెండి పూచీ మీద ప్రభుత్వం జారీ చేసిన కాగితపు నోటు. నాణేలు మాత్రం వెయ్యేసి చొప్పున కాన్వాస్ సంచుల్లో ఖజానా నేలమాళిగలకు చేరాయి. సంచి ఒక్కొక్కటి 26 కిలోలకు పైనే. మోస్తుంటే, విసిరేస్తుంటే లోపలి నాణేలు ఒకదాన్నొకటి రాసుకునేవి. అలా చెంపల మీద పడ్డ చిన్న చిన్న గాట్లే నేడు ధరను తేల్చేస్తున్నాయి.

ఆ నేలమాళిగల నిల్వకు మొదటి పెద్ద దెబ్బ భారతదేశం కారణంగా తగిలింది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ భారత్ నుంచి సరుకును భారీగా కొంది. దానికి చెల్లింపులన్నీ రూపాయల్లోనే జరగాలి. నోటు ఇస్తే వెండి రూపాయి ఇస్తామన్నది నాటి ప్రభుత్వపు హామీ. యుద్ధవార్తలు విని బెంబేలెత్తిన జనం నోట్లు పట్టుకుని కరెన్సీ కార్యాలయాల దగ్గర బారులు తీరారు. వెండిని పొదుపు చేయడానికి 1917 నవంబరులోనే ఒక రూపాయి నోటు తెచ్చినా కొరత తీరలేదు. 1918 వసంతానికి వెండి నిల్వ అడుగంటే స్థితికి వచ్చింది. ఏప్రిల్ 23న అమెరికా పిట్‌మన్ చట్టం చేసింది. నెవడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరున్న ఆ చట్టం కింద కరిగించిన వెండి డాలర్లు 27 కోట్ల పైచిలుకు. అందులో దాదాపు 25.9 కోట్ల డాలర్ల వెండిని ఔన్సు ఒక డాలర్ చొప్పున బ్రిటన్‌కు అమ్మారు. అది భారత్‌కు చేరి కలకత్తా, బొంబాయి టంకశాలల్లో ఐదో జార్జి చక్రవర్తి బొమ్మ ఉన్న రూపాయలుగా మారింది. ఒక డాలర్‌లోని వెండితో రెండుంపావు రూపాయలు వస్తాయి. లక్ష్మీపూజ పళ్లెంలో పెట్టడానికి తెలుగు ఇళ్లలో దాచుకున్న ఆ కాలపు రూపాయల్లో ఏదో ఒకటి నెవడా గనిలో పుట్టి, మోర్గన్ డాలర్‌గా కొన్నాళ్లు బతికిన వెండే అయి ఉండవచ్చు.

సేకర్తల దృష్టిలో ఇందులో పెద్ద నష్టం కరిగించడం ఒక్కటే కాదు. ఏ సంవత్సరానివి, ఏ టంకశాలవి ఎన్ని కరిగాయో ఎవరూ రాసి పెట్టలేదు. అందుకే టంకశాల పద్దుల్లో కనిపించే ముద్రణ సంఖ్యలను నమ్ముకుని ధర కడితే తప్పుతుంది. కరిగించినంత మేరకు మళ్లీ కొట్టాలన్న నిబంధన వల్ల 1921లో ఒక్క ఏడాదిలోనే 8.6 కోట్లకు పైగా మోర్గన్ డాలర్లు తయారయ్యాయి. ఈ మొత్తం వరుసలో చవగ్గా దొరికేది ఆ 1921 నాణెమే.

అదే సంవత్సరం డిసెంబరులో పీస్ డాలర్ వచ్చింది. యుద్ధం ముగిసి శాంతి కుదిరినందుకు గుర్తుగా తెచ్చిన ఈ నాణేన్ని ఆంథొనీ డి ఫ్రాన్సిస్కీ రూపొందించాడు. స్వేచ్ఛాదేవి ముఖానికి ఆయన భార్య తెరెసానే నమూనా. గద్ద కింద విరిగిన కత్తి పెట్టాలన్న ఆలోచన బయటికి పొక్కగానే, విరిగిన కత్తి ఓటమికి గుర్తని పత్రికలు మండిపడ్డాయి. అప్పటికే అచ్చు సిద్ధమైంది. దాని మీది కత్తిని భూతద్దం కింద చెక్కి తీసేసినవాడు వృద్ధుడైన మోర్గనే. 1921 పీస్ డాలర్లు పది లక్షల పైచిలుకు. బొమ్మ మరీ ఎత్తుగా ఉండటంతో అచ్చులు తట్టుకోలేకపోయాయి. మరుసటి ఏడాది బొమ్మ ఎత్తు తగ్గించారు. 1928లో ఫిలడెల్ఫియా కొట్టింది 3,60,649 మాత్రమే. ఈ వరుసలో అదే కనిష్ఠం. 1935తో ఈ ముద్రణ ఆగిపోయింది. 1965లో డెన్వర్ టంకశాల 1964 సంవత్సరం వేసి మూడు లక్షలకు పైగా పీస్ డాలర్లు కొట్టినా, వాటిని బయటికి వదలకుండా కరిగించేసింది. అధికారికంగా అందులో ఒక్కటీ మిగల్లేదు.

మోర్గన్ వరుసలో శిఖరం 1893 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్. కొట్టింది లక్ష. కొత్తదనం చెడకుండా మిగిలినవి అతి కొద్ది. అలాంటి ఒకటి 2021 వేలంలో 20 లక్షల డాలర్లు దాటింది. ఫిలడెల్ఫియా 1895 డాలర్ మరో చిక్కుముడి. చెలామణీ కోసం 12,000 కొట్టినట్టు పద్దు చెబుతుంది గానీ అవి కనిపించవు. దొరికేవన్నీ సేకర్తల కోసం మెరుగుపెట్టి తీసిన 880 ప్రత్యేక ప్రతుల్లోనివే.

నేలమాళిగలు తెరిస్తే ధర ఎలా తలకిందులవుతుందో 1962లో తేలింది. న్యూ ఆర్లీన్స్ టంకశాలలో 1903లో కొట్టిన డాలర్ అప్పటిదాకా అపురూపం. మంచి ప్రతికి 1,500 డాలర్లు పలికేది. 44.5 లక్షలు కొట్టినట్టు పద్దులో ఉన్నా, దాదాపు అన్నీ కరిగిపోయాయనే అందరూ అనుకున్నారు. క్రిస్మస్‌కు ముందు ఖజానా పాత సంచులు విప్పింది. వాటి నుంచి ఆ నాణేలే ధారగా వచ్చిపడ్డాయి. కొద్దికాలంలోనే ధర కొద్ది పదుల డాలర్లకు పడిపోయింది. ఈ వార్తతో జనం వెండి నోట్లు పట్టుకుని ఖజానాకు పరుగెత్తి సంచులకు సంచులు మోసుకెళ్లారు. 1964 మార్చిలో ప్రభుత్వం తలుపు మూసింది. అప్పటికి లోపల మిగిలింది సుమారు 30 లక్షలు. అందులో అత్యధికం నెవడాలోని కార్సన్ సిటీ టంకశాల నాణేలు. 1893లోనే ముద్రణ ఆగిపోయిన ఆ చిన్న టంకశాల గుర్తు ‘సీసీ’ అన్న రెండక్షరాలు. గద్ద కింద, పూలదండ ముడికి దిగువన కనబడతాయి. నల్లటి ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి 1972 నుంచి 1980 మధ్య ప్రభుత్వమే వాటిని తపాలాలో అమ్మింది. 1884లో కార్సన్ సిటీ కొట్టిన 11.36 లక్షల డాలర్లలో దాదాపు 85 శాతం ఇలా ఒక్క చెలామణీ కూడా చూడకుండా బయటికొచ్చాయి. చవకరకపు 1921 కన్నా ఎన్నో రెట్లు తక్కువ కొట్టినా, కొత్తగా మెరిసే 1884 సీసీ డాలర్ ఇవాళ్టికీ సులభంగానే దొరకడానికి కారణం ఇదే. ఆ నల్లపెట్టె, దానితో ఇచ్చిన పత్రం చెక్కుచెదరకుండా ఉంటే నాణేనికి అదనపు ధర వస్తుంది.

ఖజానాను మించిన జాగ్రత్త చూపింది ఒక ప్రైవేటు నిల్వ. నెవడాలోని రీనోలో లావీర్ రెడ్‌ఫీల్డ్ అనే ధనవంతుడు ఇంటి నేలమాళిగలో నాలుగు లక్షలకు పైగా వెండి డాలర్లు దాచి 1974లో చనిపోయాడు. 1976లో కోర్టు వేలంలో ఒక సంస్థ 73 లక్షల డాలర్లకు మొత్తం కొని, వ్యాపారుల ద్వారా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వదిలింది. మార్కెట్టు కుప్పకూలలేదు. 1903 నాణేనికి పట్టిన గతి ఈ నిల్వలోని నాణేలకు పట్టకపోవడానికి ఆ ఓర్పే కారణం.

నాణెం స్థితిని చెప్పడానికి 1 నుంచి 70 దాకా అంకెల కొలబద్ద ఉంది. విలియం షెల్డన్ 1949లో రాగి సెంట్ల కోసం తయారు చేసిన పద్ధతి ఇది. 60 నుంచి పైవన్నీ చెలామణీ చూడని నాణేలు. 1980ల రెండో సగంలో పీసీజీఎస్, ఎన్‌జీసీ అన్న సంస్థలు వచ్చాక, డబ్బు తీసుకుని అంకె నిర్ణయించి, ప్లాస్టిక్ పలకలో సీలు వేసి ఇవ్వడం వ్యాపారానికి వెన్నెముక అయింది. కొన్ని సంవత్సరాల నాణేలకు 64కూ 65కూ మధ్య ఒక్క అంకె తేడాతో ధర రెట్టింపు దాటుతుంది. పరీక్షించే పద్ధతి సులువే. అంచులు మాత్రమే పట్టుకుని, ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా తిప్పాలి. నిజమైన కొత్త మెరుపు బండిచక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుకు పరుచుకుని, నాణెంతో పాటు తిరుగుతుంది. తరువాత చూడాల్సింది స్వేచ్ఛాదేవి చెంప, చెవి పైన జుట్టు పాయలు, గద్ద రొమ్ము మీది ఈకలు. అరుగుదల మొదట పడేది అక్కడే.

ఆ మెరుపు ఒకసారి పోతే తిరిగి రాదు. వెండి సామాను తళతళలాడాలని చింతపండుతోనో విభూతితోనో తోమే అలవాటు తెలుగు ఇళ్లలో ఉంది. ఈ నాణేల దగ్గర మాత్రం ఆ ప్రేమ పనికిరాదు. తోమిన నాణెం మీద సన్నటి గీతలు పడతాయి. పలకల సంస్థలు అలాంటిదానికి అంకె ఇవ్వవు, ‘శుభ్రం చేసినది’ అని రాసి పంపుతాయి. సగానికి సగం విలువ ఆవిరైపోయిన సందర్భాలు కోకొల్లలు. కాలంతో సహజంగా ఎక్కిన రంగులు, ముఖ్యంగా సంచి గుడ్డను తాకి ఇంద్రధనుస్సులా మారినవి, కొందరు కొనుగోలుదారులకు మామూలు నాణెం కన్నా ప్రీతి.

నకిలీలు రెండు రకాలు. మొదటిది పూర్తిగా కొత్తగా పోసినది. తూకం, అయస్కాంతం, సాంద్రత పరీక్షలతో వీటిలో చాలావరకు దొరికిపోతాయి. అసలుదాని సాంద్రత 10.3 దగ్గర ఉంటుంది. రెండోది ప్రమాదకరమైనది, నిజమైన నాణేన్ని మార్చినది. ఫిలడెల్ఫియా 1893 డాలర్‌కు ఒక ‘ఎస్’ అతికిస్తారు. న్యూ ఆర్లీన్స్ 1895 నుంచి ‘ఓ’ను గీకేస్తారు. అసలైన 1893 శాన్‌ఫ్రాన్సిస్కో నాణెం మీద, తలపట్టీపై ఉన్న అక్షరాల్లో ‘టి’ పైభాగాన అచ్చు లోపం వల్ల ఏర్పడ్డ చిన్న వాలుగీత ఉంటుంది. అది కనిపించకపోతే కొనకపోవడమే మేలు. పలకలను, వాటి నంబర్లను కూడా నకలు చేస్తున్నారు గనుక, నంబరును సంస్థ రికార్డులోని ఫొటోతో పోల్చి చూడటం ఇప్పుడు తప్పనిసరి.

అమ్మేవేళ మొదట తేల్చుకోవాల్సింది, చేతిలో ఉన్నది వెండిగా విలువైనదా, నాణెంగా విలువైనదా అన్నది. బాగా అరిగిన 1921 మోర్గన్, 1922 పీస్ డాలర్లకు అమ్మే రోజు వెండి ధరే ఆధారం. వాటికి పలక చార్జీ పెట్టడం దండగ. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దరిదాపులకు వెళ్లినప్పుడు ఇలాంటివి పెద్ద ఎత్తున కొలిమిపాలయ్యాయి. మధ్యరకం నాణేలకు దుకాణదారు ఇచ్చే ధర, అతను అమ్మే ధర కన్నా తక్కువే ఉంటుంది. అతని అద్దె, లాభం, అమ్ముడుపోయేదాకా ఆగాల్సిన కాలం అందులోనే ఉంటాయి. ఒక్క దుకాణంతో ఆగకుండా నాణేల ప్రదర్శనలో ముగ్గురు నలుగురిని అడిగితే న్యాయమైన ధర తెలిసిపోతుంది. అపురూపమైనవి వేలానికే వెళ్లాలి. అక్కడ కొనేవాడు పాడిన ధర మీద దాదాపు 20 శాతం అదనంగా సంస్థకు చెల్లిస్తాడు, ఆ లెక్క వేసుకునే పాడతాడు. కాబట్టి అమ్మేవాడు తన కమిషన్ గురించి సంస్థతో ముందే బేరమాడటం మంచిది.

తాత తండ్రుల నుంచి వచ్చిన ఆల్బమ్‌ను విడదీయడానికి ముందు, ఒక్కో నాణెం బొరుసు తిప్పి టంకశాల గుర్తును, సంవత్సరాన్ని కాగితం మీద రాసుకోవాలి. మొత్తం కలిపి ఒకే ధరకు అడిగే వ్యాపారికి, ఆ వరుసలో ఉన్న ఒక్క 1889 సీసీయో, 1893 ఎస్సో మిగతావాటన్నిటికీ సరిపోతుంది. అమెరికాలో నాణేలను ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే వచ్చే లాభంపై కేంద్ర పన్ను 28 శాతం దాకా పడవచ్చు. షేర్ల మీది పన్ను కన్నా ఇది ఎక్కువ. కొన్ననాటి రసీదు లేకపోతే లాభమెంతో రుజువు చేయడం కష్టం, అందుకే రసీదును నాణెంతో పాటే భద్రపరచాలి.