థైరాయిడ్ మాత్ర: భర్తీ, అదనం, అనుపానం

తెలుగు వైజ్ఞానిక గ్రంథాలు ‘అవటు గ్రంథి’ అని పేర్కొనే అవయవాన్ని వ్యవహారంలో అందరూ థైరాయిడ్ అనే అంటారు. వాడుకలో ఆ మాట గ్రంథి పేరుగా కంటే జబ్బు పేరుగానే స్థిరపడింది. “ఆవిడకు థైరాయిడ్ ఉంది” అన్నప్పుడు చెప్పదలచినది గ్రంథిని గురించి కాదు, దాని లోపాన్ని గురించి. ఈ అర్థవిపరిణామం వల్ల నష్టమేమీ లేదు. దానితో పాటు వ్యాప్తిలోకి వచ్చిన ‘హార్మోన్ సప్లిమెంట్’ అనే మాట విషయం అలా కాదు. శరీరం తయారుచేసుకోలేని దానిని బయటినుంచి అందించడం ఒక పని. శరీరంలో చాలినంత ఉన్నదానిపై మరికొంత చేర్చడం వేరొక పని. మొదటిది భర్తీ, రెండవది అదనం. రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్ల కలిగే అయోమయం అందరికంటే ఎక్కువగా ఒక వర్గం రోగులను బాధిస్తున్నది. రసాయనాల వాసనలను, రంగులను, చివరకు మందులను కూడా తమ శరీరం ఓర్చుకోలేదని చెప్పేవారే ఆ వర్గం.

గొంతు ముందుభాగంలో ఉండే ఈ గ్రంథి ప్రధానంగా థైరాక్సిన్ అనే హార్మోన్‌ను స్రవిస్తుంది. దాని అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులుంటాయి. కాలేయం, మూత్రపిండాలు మొదలైన కణజాలాలు అందులో ఒకదానిని తొలగించి, మరింత చురుకైన ట్రైఅయొడోథైరోనిన్‌గా మారుస్తాయి. శరీరంలో థైరాక్సిన్ తగ్గినప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే మరొక హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. పెరిగితే థైరాయిడ్ మందగించిందని వైద్యులు భావించడానికి ఆధారం ఇదే. పెరగడం తగ్గుదలకు గుర్తు కావడం రోగులను తరచుగా తికమక పెట్టే సంగతి.

భర్తీ చికిత్సకు చరిత్ర ఉంది. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన సారాన్ని 46 ఏళ్ళ రోగికి సూదిమందుగా ఇచ్చాడు. ముఖం ఉబ్బి, మాట మందగించిన స్థితి నుంచి కోలుకున్న ఆమె ఆ చికిత్సతోనే 74వ ఏట వరకు జీవించింది. 1914 డిసెంబరు 25న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికరూపంలో వేరుచేశాడు. 1926లో చార్లెస్ హారింగ్టన్ దాని నిర్మాణాన్ని నిర్ధారించాడు. మరుసటి ఏడాది జార్జ్ బార్జర్‌తో కలిసి ప్రయోగశాలలో దానిని తయారుచేశాడు. నేడు మందుల దుకాణంలో దొరికే లీవోథైరాక్సిన్ మాత్రలోని అణువు గ్రంథి తయారుచేసే అణువే. దానిని పరాయి రసాయనంగా భావించి భయపడేవారు ఈ ఒక్క సంగతిని గుర్తించడం మేలు.

లోపం గ్రంథిలో కాక దానికి అందవలసిన ముడిసరుకులో ఉంటే భర్తీ పద్ధతి మారుతుంది. శ్రీకాకుళంలో జన్మించిన వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో హిమాచల్ ప్రాంతంలోని కాంగ్రా లోయలో చేపట్టిన అధ్యయనం ఇందుకు సాక్ష్యం. అయొడిన్ కలిపిన ఉప్పు అందిన గ్రామాలలో గళగండం తగ్గుముఖం పట్టింది. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమం మొదలైంది. అక్కడ అవసరమైనది హార్మోన్ కాదు, చిటికెడు ఉప్పు. అయితే అయొడిన్ చాలినంత అందుతున్న చోట థైరాయిడ్ మందగించడానికి ముఖ్య కారణం రోగనిరోధక వ్యవస్థ సొంత గ్రంథిపైనే దాడి చేయడం. ఆ స్థితిలో సముద్రపు నాచు గుళికల వంటివాటితో అయొడిన్‌ను పెంచితే మేలు జరగకపోగా, గ్రంథి మరింత దెబ్బతినవచ్చు.

మాత్రలోని హార్మోన్‌ను మైక్రోగ్రాములలో కొలుస్తారు. గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దలకు శరీర బరువులో కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు సరిపోతాయి. కంటికి కనిపించే మాత్రలో మిగిలినదంతా పిండిపదార్థం, లాక్టోజ్, జిగురు, రంగు వంటివే. ఆయుర్వేదంలో ఔషధంతో పాటు ‘అనుపానం’ కూడా నిర్దేశిస్తారు. తేనెతోనా, పాలతోనా, గోరువెచ్చని నీటితోనా అన్నది మందుతో సమానంగా ముఖ్యం. థైరాక్సిన్ విషయంలోనూ అనుపానం మంచినీరే. పరగడుపున వేసుకొని, కనీసం అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు. వెంటనే కాఫీ తాగితే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఉదయం కాఫీతో పాటే అన్ని మాత్రలనూ మింగే అలవాటున్న ఇంట్లో “మందు పనిచేయడం లేదు” అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

మాత్ర పడడం లేదని చెప్పే రోగి మాటను కొట్టివేయకూడదనడానికి కారణం కూడా ఈ మిగిలిన పదార్థాలలోనే ఉంది. లాక్టోజ్‌ను అరిగించుకోలేనివారు, కొన్ని రంగులు సరిపడనివారు ఉంటారు. అమెరికాలో మాత్ర మోతాదును రంగును బట్టి గుర్తిస్తారు. అక్కడ 50 మైక్రోగ్రాముల మాత్ర సాధారణంగా రంగు కలపని తెల్లమాత్ర. రంగు సరిపడనివారికి వైద్యులు దానినే లెక్కకట్టి ఇస్తారు. జెలటిన్, గ్లిజరిన్, నీరు తప్ప వేరే చేర్పులు లేని గుళికలు కూడా కొన్ని దేశాలలో లభిస్తున్నాయి. మార్చవలసినది తోడు పదార్థాన్ని, హార్మోన్‌ను కాదు.

రసాయన సున్నితత్వమనే విస్తృత సమస్య ఇంత సులభంగా తేలేది కాదు. 1950లలో చికాగో వైద్యుడు థెరాన్ రాండాల్ఫ్ దీనిని చర్చకు తెచ్చాడు. 1987లో మార్క్ కల్లెన్ ‘మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీస్’ అనే పేరుతో దీనిని నిర్వచించాడు. అత్తరు, పెయింటు, క్రిమిసంహారకాల వాసన తగిలితే తలనొప్పి, అలసట, మతిమరుపు కలుగుతాయని రోగులు చెబుతారు. గాలిలో కలిపినది రసాయనమో కాదో తెలియకుండా జరిపిన పరీక్షలలో వారు తేడాను నిలకడగా గుర్తించలేకపోయారు. దీనిని బట్టి బాధ అబద్ధమనడం తొందరపాటు. కారణం ఊహించిన చోట లేదని మాత్రమే అది చెబుతుంది.

అలసట, మతిమరుపు థైరాయిడ్ లోపంలోనూ కనిపిస్తాయి. భర్తీ అదనంగా మారేది ఈ పోలిక దగ్గరే. అమెరికా వైద్యుడు బ్రోడా బార్న్స్ 1976లో వెలువరించిన గ్రంథంలో, నిద్రలేవగానే చంకలో చూసిన ఉష్ణోగ్రత తక్కువగా ఉంటే థైరాయిడ్ లోపమేనని వాదించాడు. రక్తపరీక్ష సరిగా ఉన్నవారికి కూడా హార్మోన్ ఇవ్వడానికి ఆ వాదం దారితీసింది. వైద్యసంఘాలు దానిని అంగీకరించలేదు. అవసరం లేని హార్మోన్ గుండె లయను తప్పిస్తుంది, ఎముకలను పలచబరుస్తుంది. మొదట కొన్నాళ్ళు హుషారుగా అనిపించడం నిజమే. దానిని రోగనిర్ధారణగా పొరబడడమే ప్రమాదం. థైరాయిడ్‌కు బలమంటూ అమెరికాలో అమ్మే పది ఉత్పత్తులను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో తొమ్మిదింటిలో ట్రైఅయొడోథైరోనిన్ బయటపడింది. మూలికలనుకొని తీసుకున్నవారు తెలియకుండానే హార్మోన్ మింగారన్నమాట. జుట్టు రాలకుండా వాడే బయోటిన్‌ది మరొక చిక్కు. అది గ్రంథిని మార్చదు గాని కొన్ని ప్రయోగశాలల పద్ధతులలో టి.ఎస్.హెచ్.ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. పరీక్షకు రెండు రోజుల ముందునుంచి దానిని ఆపమనడం ఇందుకే.

సరిపడలేదని సొంతంగా మాత్ర మానేసేవారి అనుభవంలో ఒక మోసం దాగి ఉంది. థైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. అందువల్ల మానిన మొదటి వారంలో చెప్పుకోదగిన లోటు తెలియదు. తోడు పదార్థం వల్ల కలిగిన ఇబ్బంది మాత్రం వెంటనే తగ్గవచ్చు. మాత్రే అనవసరమన్న నమ్మకం ఆ వారంలోనే ఏర్పడుతుంది. ఆ తరువాత మెల్లగా వచ్చే చలి, మలబద్ధకం, మగతలను రోగి ఆ మానివేతతో ముడిపెట్టడు. తయారీని మార్చినప్పుడైనా, మోతాదును మార్చినప్పుడైనా ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాతనే మళ్ళీ రక్తపరీక్ష చేయించమని వైద్యులు చెప్పడానికి కారణం కూడా ఈ నిదానమే.