ఆంగ్లమున విడివడు క్రియలు – పదక్రమము

తెలుగున ‘పారవేయు’ అనునది రెండు క్రియల కలయికచే ఏర్పడినది. ‘కాగితమును పారవేయుము’ అందుమే గాని ‘పార కాగితమును వేయుము’ అనము. కన్నడమునందును కర్మ ముందు, క్రియ చివర నిలుచును. ఇంట తెలుగును, వీధిలో కన్నడమును పలుకు విద్యార్థికి ఆంగ్లమందలి ‘త్రో అవే’ వింతగా తోచుట సహజము. అచట కర్మ క్రియాభాగముల నడుమ చేరును!

‘త్రో’ అను క్రియకు ‘అవే’ అను చిన్నమాట చేరి ‘పారవేయు’ అను అర్థము నిచ్చుచున్నది. ఇట్టి జంటలను ‘ఫ్రేజల్ వెర్బులు’ అందురు. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన గ్రంథమున ఈ పేరు వాడెను. అంతకు ఎంతో పూర్వము, 1755లో, శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు పీఠికలో ఇట్టి క్రియలు పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని వ్రాసెను. కావున ఈ చిక్కు మన కొక్కరికే వచ్చినది కాదు.

గుర్తుంచుకొనవలసిన సూత్రములు మూడు.

1. కర్మ నామవాచకమైనచో రెండు క్రమములును సాధువులే: ‘త్రో అవే ది పేపర్’, ‘త్రో ది పేపర్ అవే’.

2. కర్మ సర్వనామమైనచో నడుమనే నిలువవలెను. ‘త్రో ఇట్ అవే’ సాధువు. ‘త్రో అవే ఇట్’ తప్పు.

3. కర్మ దీర్ఘమైనచో చిన్నమాటను క్రియ చెంతనే ఉంచుట మేలు: ‘త్రో అవే ది పేపర్స్ దట్ యు డు నాట్ నీడ్’.

దీనికి కారణ మేమి? ఆంగ్లవాక్యమున క్రొత్త సంగతియు, బరువైన మాటయు సామాన్యముగా చివరికి చేరును. ‘ఇట్’ అనునది ముందే తెలిసిన వస్తువును సూచించు తేలికపదము. దానికి చివరిస్థానము తగదు. దీర్ఘమైన కర్మ బరువైనది గనుక చివరికి పోవును.

ఒక హెచ్చరిక. క్రియ వెంట వచ్చు చిన్నమాట లన్నియు ఇట్లు విడివడవు. ‘లుక్ ఎట్’ అనుచోట ‘ఎట్’ మన విభక్తి వంటిది. అది తన నామమును వీడదు. కావున ‘లుక్ ఎట్ ఇట్’ అనియే వ్రాయవలెను. నిఘంటువున వెదకు అను అర్థముగల ‘లుక్ అప్’ మాత్రము విడివడును: ‘లుక్ ఇట్ అప్’. పదములన్నియు సరియైనవే యైనను స్థానము తప్పినచో వాక్యము తప్పగును.

విద్యార్థులారా! ఇట్టి క్రియను క్రొత్తగా నేర్చునపుడు దానిని ఒంటరిగా కంఠస్థము చేయకుడు. ‘త్రో ఇట్ అవే’, ‘పుట్ ఇట్ ఆన్’, ‘లుక్ ఎట్ ఇట్’ అని ‘ఇట్’ను చేర్చియే నేర్వుడు. అర్థముతోపాటు స్థానమును మనసున నిలుచును.