ఎల్బీనగర్‌లో మాయమై బెజవాడలో తేలగలమా?

సాయంత్రం వేళ ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సు కోసం నిలబడ్డవాళ్లకు టెలిపోర్టేషన్ వార్త కనిపిస్తే ఆశ పుట్టడం సహజమే. ఇక్కడ మాయం, అక్కడ ప్రత్యక్షం. 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ సీరియల్ ఈ కలను ప్రపంచానికి అలవాటు చేసింది. మన ఘటోత్కచుడైతే అంతకు తొమ్మిదేళ్ల ముందే, ‘మాయాబజార్’లో, నిద్రపోతున్న శశిరేఖను పాన్పుతో సహా ద్వారక దాటించేశాడు.

ఆశ వెనకే భయమూ వస్తుంది. అవతల తేలినవాడు నేనేనా, నా నకలా? ఇవతలి నేను ఏమైపోయాను?

ఈ భయాన్ని అటకెక్కించవచ్చు. 70 కిలోల మనిషిలో ఉండే పరమాణువుల లెక్క తీస్తే ఏడు పక్కన 27 సున్నాలు పెట్టాలి, వాటన్నిటినీ పంపడం మన వల్ల అయ్యే పని కాదు. ప్రయోగశాలల్లో టెలిపోర్ట్ అవుతున్నది కాంతి కణమో, పరమాణువో కూడా కాదు, దాని క్వాంటమ్ స్థితి మాత్రమే. 1993లో చార్లెస్ బెనెట్, మరో ఐదుగురు శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని ప్రతిపాదించారు. ముందుగా, పరస్పరం పెనవేసుకున్న రెండు కణాల్లో ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ ఉంచుతారు. పంపదలచిన కణాన్ని ఇక్కడి జంటకణంతో కలిపి కొలుస్తారు. ఆ ఫలితం ఫోన్ కబురులా మామూలు దారినే అవతలికి చేరాలి. అది అందాకే అక్కడి కణాన్ని సరిదిద్ది అసలు స్థితిని తెప్పిస్తారు. కాబట్టి కాంతి వేగాన్ని మించడం కుదరదు. ఇక్కడి స్థితి చెరిగిపోతుంది గనుక నకలు అనే మాటే లేదు. 1997లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఆంటన్ సైలింగర్ బృందం దీన్ని చేసి చూపింది. 2017లో చైనా శాస్త్రవేత్తలు నేల మీది నుంచి ఉపగ్రహానికి, 1,400 కిలోమీటర్ల దూరం దాకా, కాంతి కణాల స్థితిని పంపారు.

మరి మనిషిని పంపలేనప్పుడు దీనితో పనేమిటి? జవాబు ఎల్బీనగర్‌కు దగ్గర్లోనే, కంచన్‌బాగ్‌లో మొదలవుతుంది. అక్కడి రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌కూ మరో పరిశోధనశాల ఆర్‌సీఐకీ మధ్య క్వాంటమ్ పద్ధతిలో, సందేశాలకు తాళం వేసే రహస్య సంకేతాల మార్పిడిని పరీక్షించినట్టు 2020 డిసెంబరులో డీఆర్‌డీవో ప్రకటించింది. దారిలో ఎవరైనా తొంగిచూస్తే పట్టుబడతారు. ఇది టెలిపోర్టేషన్ కాదు, దాని దాయాది. ఫైబర్ తీగ మీద పరీక్షించిన దూరం 12 కిలోమీటర్లు.

అదే తీగను విజయవాడ దాకా లాగితే? మంచి ఫైబర్‌లో కూడా కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ కాంతి తరిగిపోతుంది. 260 కిలోమీటర్లు దాటేసరికి లక్ష కాంతి కణాల్లో ఒక్కటి మిగలడం కూడా కష్టం. మామూలు ఇంటర్నెట్ సంకేతాన్నయితే మధ్యమధ్య పెంచుకుంటూ పోవచ్చు. క్వాంటమ్ స్థితికి నకలు తీయడం ప్రకృతి ఒప్పుకోదని 1982లోనే తేలింది, అందుకే ఆ ఉపాయం ఇక్కడ చెల్లదు. టెలిపోర్టేషన్ అసలు అక్కర ఇక్కడే. జంటకణాలను మజిలీ మజిలీకి ముడివేసుకుంటూ వెళ్తే, తీగలో సగం దారిలో అంతరించిపోయే స్థితి గమ్యం చేరుతుంది. పతాక శీర్షికల్లో ఈ సంగతి కనిపించదు, ఎందుకంటే ఇందులో ఎవరూ మాయం కారు!

2023లో కేంద్రం ఆమోదించిన 6,003.65 కోట్ల రూపాయల జాతీయ క్వాంటమ్ మిషన్ లక్ష్యాల్లో, దేశంలో 2,000 కిలోమీటర్ల దూరానికి ఉపగ్రహం ద్వారా సురక్షిత సమాచారం పంపడం ఒకటి. దానికి భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు మూడూ తెలిసినవాళ్లు కావాలి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల ముందు కోర్సుల బోర్డులు చదువుతున్న విద్యార్థులు, వాటిలో లేని ఈ చదువు గురించి కూడా ఒకసారి వాకబు చేయాలి.