ఉగ్రదాడికి యుద్ధమే సమాధానమా?

2008 నవంబరు చివరి రోజులు. ముంబయి మెరైన్ లైన్స్‌లోని బడా కబ్రస్తాన్‌ను నిర్వహించే జామా మస్జిద్ ట్రస్టు పెద్దల ఎదుట ఒక కఠినమైన ప్రశ్న నిలిచింది. నగరాన్ని రక్తసిక్తం చేసి, భద్రతా దళాల చేతిలో హతులైన తొమ్మిదిమంది దుండగులను ఎక్కడ ఖననం చేయాలి? అనాథ శవానికి సైతం ఆరడుగుల నేల ఇవ్వడం పుణ్యకార్యంగా భావించే సమాజం మనది. అయినా ట్రస్టు నిరాకరించింది. అమాయకుల ప్రాణాలు తీసినవారికి తమ కబ్రస్తాన్‌లో చోటు లేదని తేల్చిచెప్పింది. ఆ శవాలు ఏడాదికి పైగా ఆసుపత్రి శవాగారంలోనే ఉండిపోయాయి. చివరకు 2010 జనవరిలో ప్రభుత్వమే వాటిని రహస్య స్థలంలో పూడ్చిపెట్టింది.

ఫిఖహ్ దృష్టితో ఆ నిర్ణయాన్ని పండితులు చర్చించవచ్చు. నాకు మాత్రం అందులో ఒక స్పష్టమైన తీర్పు కనిపిస్తుంది: నేరం చేసినవాడిది నేరం, అతని పేరును పోలిన పేరున్న సమాజానిది కాదు. ఈ సూత్రాన్ని మన విషయంలో ఇతరులు పాటించాలని మనం కోరుకుంటాం. అయితే అదే సూత్రం దేశాలకూ వర్తిస్తుందా, సరిహద్దు అవతలి జనానికీ వర్తిస్తుందా?

ముంబయి దాడిలో 166 మంది మరణించారు. ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ నేలకొరిగిన ప్రయాణికుల్లో ముస్లింలు కూడా అనేకులు. మరుసటి నెలలో వచ్చిన బక్రీద్ నాడు చాలాచోట్ల నమాజుకు వెళ్లినవారు నల్ల బ్యాడ్జీలు ధరించారు. ఆ దుఃఖం న్యాయమైనది, ఆగ్రహమూ న్యాయమైనదే. ఆ ఆగ్రహం నుంచే, పాకిస్తాన్‌పై తక్షణం దాడి చేయాలన్న కేకలు పుట్టాయి. నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రభుత్వం ఆ దారి పట్టలేదు. చాలామంది దానిని పిరికితనమన్నారు.

యుద్ధం చేయకపోవడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమేనా? జరిగినదేమిటో చూద్దాం. లాఠీతో నిలిచిన తుకారాం ఓంబ్లే అనే పోలీసు, కసబ్ తుపాకీ గొట్టాన్ని వదలక పట్టుకుని ప్రాణాలర్పించాడు గనుక ఆ హంతకుడు సజీవంగా చిక్కాడు. సజీవంగా చిక్కాడు గనుక కుట్ర గుట్టు విప్పడానికి ఒక సాక్షి మిగిలాడు. దాడి జరిగిన రెండు వారాలకే ఐక్యరాజ్యసమితి భద్రతామండలి కమిటీ లష్కర్ నాయకులను నిషిద్ధుల జాబితాలో చేర్చింది. 2009 జనవరిలో భారత్ సాక్ష్యాధారాల సంపుటిని పాకిస్తాన్‌కు అందజేసింది. మొదట అంతా బుకాయించిన ఆ దేశం, కుట్రలో కొంత భాగం తమ గడ్డపైనే జరిగిందని ఫిబ్రవరిలో అంగీకరించక తప్పలేదు. దాడికి ముందు ముంబయిలో రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ అమెరికాలో పట్టుబడి, 2013లో 35 ఏళ్ల జైలుశిక్షకు గురయ్యాడు. దుండగులకు ఫోన్‌లో ఆదేశాలిచ్చాడన్న ఆరోపణ ఉన్న మరో వ్యక్తిని 2012లో సౌదీ అరేబియా మన దేశానికి అప్పగించింది. బాంబులు కురుస్తున్న వేళ ఈ తలుపులన్నీ ఇలాగే తెరుచుకునేవని నేననుకోను.

అప్పటి విదేశాంగ కార్యదర్శి శివశంకర్ మీనన్ తరువాత రాసిన పుస్తకంలో ఒక నిజాయితీ గల మాట ఉంది. ఆ రోజుల్లో తాను కూడా కంటికి కనిపించే ప్రతీకారమే కోరానని, ఆ తరువాత ఆలోచిస్తే సైనిక దాడికి దిగకపోవడమే సరైనదని తోచిందని ఆయన ఒప్పుకున్నారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కదిలించినది న్యాయస్థానం చేసిన పని. ప్రత్యేక కోర్టు 2010 మే నెలలో కసబ్‌ను దోషిగా తేల్చింది. అదే తీర్పులో, అదే బోనులో నిలబడిన ఇద్దరు భారతీయ ముస్లింలను సాక్ష్యం చాలదని నిర్దోషులుగా ప్రకటించింది. 2012లో సుప్రీంకోర్టు కసబ్ మరణశిక్షనూ, ఆ ఇద్దరి నిర్దోషిత్వాన్నీ ఖాయం చేసింది. దేశమంతా ఉడికిపోతున్న కేసులో సైతం దోషినీ నిర్దోషినీ వేరుచేయడం సాధ్యమైంది. ఆకాశం నుంచి పడే బాంబు ఆ పని చేయలేదు.

ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల ప్రకటించింది (6:164, 17:15). ఒక జాతి పట్ల ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదని హెచ్చరించింది (5:8). దైవప్రవక్త (స) జీవితంలో దీనికి ఒక సాక్ష్యముంది. మక్కా విజయానంతరం హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ని బనూ జజీమా తెగ వద్దకు పంపారు. ఆ ప్రజలు తాము ఇస్లాం స్వీకరించామని సరైన పదాల్లో చెప్పలేకపోయారు. ఆ అపార్థం, తొందరపాటు వల్ల కొందరు హతులయ్యారు. తమ వద్దనున్న బందీలను చంపడానికి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) నిరాకరించారు. వార్త విన్న ప్రవక్త (స) చేతులెత్తి, అల్లాహ్ సన్నిధిలో ఖాలిద్ చర్యతో తనకు సంబంధం లేదని రెండుసార్లు ప్రకటించారు. ఆపై హజ్రత్ అలీ (రజి)ని పంపి ప్రాణాలకూ ఆస్తులకూ పరిహారం చెల్లించారు. కుక్క నీరు తాగే తొట్టికి కూడా వెల కట్టి ఇచ్చారని సీరా గ్రంథాలు చెబుతున్నాయి. విజయం సాధించిన సేనకు నాయకుడు ఆయనే, అడిగేవాడెవడూ లేడు. అయినా లెక్క అప్పజెప్పారు.

ఇక రెండవ దారి పట్టిన దేశాన్ని చూడండి. 2001 సెప్టెంబరు 11న దాదాపు మూడు వేలమందిని కోల్పోయిన అమెరికా, అక్టోబరు 7న అఫ్గానిస్తాన్‌పై బాంబుదాడులు ప్రారంభించింది. సాక్ష్యం చూపి దాడులు ఆపితే బిన్ లాదెన్‌ను మూడవ దేశానికి అప్పగించే విషయం మాట్లాడదామని తాలిబాన్ అంటే, అమెరికా తోసిపుచ్చింది. వారు మాట నిలుపుకునేవారో లేదో అల్లాహ్‌కే ఎరుక. పరీక్షించి చూసినవారు లేరు. యుద్ధం ఇరవై ఏళ్లు సాగింది. బిన్ లాదెన్ 2011లో దొరికింది అఫ్గానిస్తాన్‌లో కాదు, పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో. 2009 మొదలు పదేళ్లలోనే మరణించిన, గాయపడిన పౌరుల సంఖ్య లక్ష దాటిందని ఐక్యరాజ్యసమితి లెక్కతేల్చింది. వారిలో అధికులు తాలిబాన్ తదితర సాయుధ ముఠాల దాడులకే బలయ్యారన్నది కూడా దాచకూడని నిజం. 2021 ఆగస్టులో తాలిబాన్ మళ్లీ కాబూల్‌లో ప్రవేశించింది.

మొదటి దారిలో లోటు లేదని నేననడం లేదు. ముంబయి కుట్రలో ప్రధాన నిందితుడైన లఖ్వీ 2015లో పాకిస్తాన్‌లో బెయిలుపై బయటికొచ్చాడు. ఆ కేసు అక్కడ నత్తనడక నడిచింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఓపిక పట్టమని చెప్పడం తేలిక కాదు. ఆమె తరఫున సాక్ష్యాలను, నిధుల దారులను, అంతర్జాతీయ ఒత్తిడిని విడవకుండా పట్టుకోమని ప్రభుత్వాన్ని అడగడం మన బాధ్యత. మరో తల్లి బిడ్డను చంపమని అడగడం ఆ బాధ్యతలో భాగం కాదు.

మన ఇళ్లలో టీవీ చర్చలు యుద్ధాన్ని క్రికెట్ ఆటలా వర్ణిస్తున్నప్పుడు పిల్లలు వింటూనే ఉంటారు. అందిన వార్తను నిర్ధారించుకోకుండా ఎవరికీ హాని తలపెట్టవద్దన్న ఆదేశాన్ని (49:6) వారికి ఫోన్ చేతికిచ్చే ముందే నేర్పాలి. 2002 జనవరిలో, బాంబులు ఇంకా ఆగకముందే, సెప్టెంబరు 11న తమవారిని కోల్పోయిన కొందరు అమెరికన్లు కాబూల్ వెళ్లారన్న సంగతి కూడా చెప్పాలి. తమ దేశపు బాంబులకు ఆప్తులను పోగొట్టుకున్న అఫ్గాన్ కుటుంబాలను వారు కలుసుకున్నారు. తిరిగివచ్చిన తరువాత, తమ దుఃఖాన్ని యుద్ధానికి సాకుగా వాడుకోవద్దని కోరుతూ ఒక సంస్థను స్థాపించుకున్నారు.