ముఖపు ఎరుపునకు మందేది, మరుగేది?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులలో ఎవరి ముఖమైనా కందిపోతుంది. నీడకు చేరి కాసేపు సేదతీరితే ఆ కందు తగ్గుతుంది. కొందరికి మాత్రం బుగ్గలు, ముక్కు, గడ్డం మీద ఎరుపు తగ్గక నిలిచిపోతుంది. సబ్బు తగిలినా, వేడి టీ తాగినా ముఖం భగ్గుమంటుంది. చిన్న చిన్న పొక్కులు లేస్తాయి, సన్నని రక్తనాళాలు పైకి తేలుతాయి. వైద్యులు దీనిని రోజేషియా అంటారు. ఎక్కువగా 30 ఏళ్లు దాటినవారిలో కనిపిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, అపరిశుభ్రత వల్ల వచ్చేదీ కాదు.

మనలో చాలామందిది చామనఛాయ. అందువల్ల ఎరుపు స్పష్టంగా తెలియదు. చర్మం నల్లబడినట్లు తోస్తుంది. ఇంట్లోవారు దానిని మొటిమలనో, మంగు అనో భావిస్తారు. మొటిమలలో ఉండే బ్లాక్‌హెడ్స్ రోజేషియాలో ఉండవు. మంగు మచ్చలకు మంట ఉండదు. ఈ తేడాను గమనించాలి.

పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లలో అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. పక్కింటివారు చెప్పారనో, మందుల దుకాణంలో ఇచ్చారనో ఒక తెల్లబరిచే ట్యూబు ఇంటికి వస్తుంది. అందులో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ ఉండవచ్చు. మొదటి వారంలో ముఖం నిగనిగలాడుతుంది. నెలలు గడిచే కొద్దీ చర్మం పలచబడుతుంది. మానితే ఎరుపు, మంట మరింత పెరుగుతాయి. మళ్లీ అదే ట్యూబు పూస్తారు. ఈ దురవస్థను గమనించే భారత ప్రభుత్వం 2018లో 14 స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నియమం చేసింది. ఇప్పటికే వాడుతున్నవారు తమంతట తాము ఒక్కసారిగా మానక, చర్మవైద్యుని సలహాతో మానడం క్షేమం.

వంటింటి వైద్యంలోనూ వివేకం అవసరం. నిమ్మరసం, వెనిగర్, వంటసోడా, ముతక శనగపిండి ఉబ్టన్, ముల్తానీ మట్టి ఈ చర్మాన్ని మరింత రేపుతాయి. అత్తరును ముఖానికి తగలనివ్వరాదు. కలబంద ఉపశమనం ఇవ్వవచ్చు. అయితే మట్టను కోసి, కారే పసుపుపచ్చని పాలను పూర్తిగా కడిగివేసి, లోపలి తెల్లని గుజ్జునే వాడాలి. ముందుగా ముంజేతి లోపలి వైపు పూసి రెండు రోజులు చూడాలి. మంట లేచినప్పుడు చల్లని నీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డను పది నిమిషాలు ఉంచితే హాయినిస్తుంది. మంచుగడ్డను నేరుగా పెట్టరాదు.

ఏది తగిలితే ముఖం మండుతుందో ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మేలైన పద్ధతి. ఎండ, మండే కారం, పొగలు కక్కే టీ, బిర్యానీ డేగ్ మూత తీయగానే ముఖానికి కొట్టే ఆవిరి, మనోవేదన, ఇవన్నీ కారణాలే. టీ చల్లారనిచ్చి తాగండి. బయటికి వెళ్లేటప్పుడు గొడుగుతో పాటు జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ వాడండి. నఖాబ్‌కు గాలి ఆడే నూలు బట్టను ఎంచుకోండి.

మచ్చను కప్పుకోవడానికి అలంకరణ చేసుకోవడం తప్పు కాదు. ఆకుపచ్చ రంగు ఎరుపును అణచుతుంది గనుక, ఆకుపచ్చ కరెక్టర్‌ను ఎర్రని చోట మాత్రమే పలచగా అద్ది, దానిపై మన ఛాయకు సరిపోయే పూతను వేయాలి. మందంగా వేస్తే ముఖం బూడిద రంగులో కనిపిస్తుంది. సువాసన లేనివే కొనండి. రాత్రి పడుకునే ముందు రుద్దకుండా సున్నితంగా తొలగించండి. వాటర్‌ప్రూఫ్ పూతలు నీటిని చర్మానికి తగలనివ్వవు; అవి ఉండగా వుజూ నెరవేరదు. వాటిని తొలగించడానికి రోజూ పలుమార్లు రుద్దితే వ్యాధి పెరుగుతుంది. కాబట్టి నీటితో తేలికగా పోయేవే మేలు. వుజూకు వేడినీళ్లు వద్దు. ముఖాన్ని తువ్వాలుతో అద్దుకుంటే చాలు. నీరు తగిలితే హాని అని వైద్యుడు చెప్పినవారికి షరీఅత్‌లో సడలింపు ఉంది. ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

కళ్లలో ఇసుక పడినట్లు గరగరలాడినా, ఎర్రబడినా సుర్మా మానండి; కొన్ని సుర్మాలలో సీసం ఉంటుంది. ఈ వ్యాధి కంటికి పాకితే చూపుకే ముప్పు. ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మవైద్య విభాగం ఉంది. మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లం, ఐవర్‌మెక్టిన్ పూతలు వైద్యుల పర్యవేక్షణలో మంచి ఫలితమిస్తాయి. ఇది పూర్తిగా మాయం కాకపోవచ్చు, కానీ అదుపులో ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మాయి ముఖంలోని ఎరుపును పెళ్లిచూపుల నాటికి పూతతో కప్పి, కాపురంలో బయటపడనివ్వడం ఆమెకే భారమవుతుంది. వ్యాధి పేరును, వాడుతున్న మందును ముందే చెప్పండి. విని వెనుదిరిగేవారి ఇంట మన బిడ్డకు నెమ్మది దొరికేది కాదు. విని, ఎండలో గొడుగు పట్టే మనిషి దొరికితే అదే అల్లాహ్ అనుగ్రహం.