నల్ల కిటికీకి లేత పరదా
గుడ్డ రంగు కలవవలసింది గోడతో, కొయ్యతో కాదు

2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ నుండి వేరుపడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో పాత పెంకుటిల్లు ఏది చూసినా కిటికీలు నల్లగానే కనబడతాయి. టేకుతోనో నల్లమద్దితోనో చేసిన చౌకట్లు ఏళ్ల తరబడి నూనె, పొగ, చేతి జిడ్డు పట్టి నల్లబడినవి. కొత్తగా లేస్తున్న డాబాలలో కొయ్యకు బదులు అల్యూమినియం వస్తున్నా, అదీ నలుపో ముదురు గోధుమ రంగో.

రంగు మారలేదు గాని రెక్క మారింది. పాత కిటికీకి చెక్క రెక్కలుండేవి. ఎండెక్కితే మూసేవారు, పొద్దు వాలితే తెరిచేవారు. పరదాతో అంతగా పని వుండేది కాదు. ఇప్పటి కిటికీకి అద్దాలు. ఎండా లోపలికి వస్తుంది, దారిన పోయేవారి చూపూ లోపలికి వస్తుంది. అందుచేత యిల్లు కట్టుకున్న ప్రతి కుటుంబమూ పరదా గుడ్డ కోసం దుకాణం మెట్లెక్కక తప్పడం లేదు.

పట్టపగలే దీపం

అక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. కొయ్య నల్లగా వున్నది గనుక దానికి జోడీగా వుంటుందని, మాసినా తెలియదని ముదురు మెరూన్, కాఫీ రంగు, నీలి రంగు మందపాటి గుడ్డలు తెస్తున్నారు. అవి వేలాడదీశాక పట్టపగలే బల్బు వేయవలసి వస్తున్నది. పిల్లల చదువుకు, బియ్యంలో రాళ్లేరుకోవడానికి, చూపు మందగించిన పెద్దల నడకకు వెలుతురే ఆధారం. కిటికీ పెట్టించుకున్నది దాని కోసమే.

బయట ఆకాశం తెల్లగా మెరుస్తుంటే చుట్టూ చట్రం నల్లగా వుంటుంది. కన్ను ఆ మెరుపుకు ముడుచుకొని, గది వున్నదానికంటె చీకటిగా తోస్తుంది. మధ్యలో లేత గుడ్డ వుంటే ఆ మెరుపును మెత్తబరచి వెలుగును గదిలోకి పరుస్తుంది. కనుక గుడ్డ రంగును గోడతో కలపాలి. సున్నపు గోడకు మీగడ తెలుపు, గంధం రంగు, ఎండుగడ్డి రంగు, లేత ఆకుపచ్చ బాగుంటాయి. కొయ్య నలుపుతో పొత్తు కుదరాలంటే పంచెకున్నట్టు సన్నని ముదురు అంచు చాలు. పాత యిళ్ల మందపు గోడలలో కిటికీకి యిరుపక్కల లోతుగా కనిపించే భాగానికి తెల్ల సున్నం కొట్టిస్తే, పెద్ద ఖర్చు లేకుండానే వెలుతురు పెరుగుతుంది. టేకు నల్లబడిందని ఎనామిల్ రంగు పూయనక్కరలేదు.

పడమటి కిటికీయే అసలు సమస్య

యీ జిల్లాలు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద వున్నాయి. మే రెండవ వారం ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కనుక వేసవిలో దక్షిణపు కిటికీకి సజ్జ నీడ సరిపోతుంది. చలికాలంలో ఆ కిటికీలోంచి వచ్చే ఎండ హితవే. బాధంతా పడమటి కిటికీతోనే. సాయంత్రపు ఎండ ఏటవాలుగా దూరి గదిని వేడెక్కిస్తుంది. పరదా లోపల వుంటుంది గనుక, అద్దం దాటిన వేడి అప్పటికే యింట్లోకి చేరినట్టు. అలాంటి కిటికీకి బయట మేదరుల చేత వెదురు తడిక చేయించి వేలాడదీసుకుంటే, ఎండ అద్దాన్ని తాకకముందే ఆగుతుంది. లోపల పలుచని పరదా చాలు.

వీధి వైపు కిటికీకి పాతకాలపు సగం పరదా ఇప్పటికీ మేలు. కింది సగానికి స్ప్రింగు వైరు మీద గుడ్డ వేస్తే బయటివారి చూపు ఆగుతుంది. పై సగంలోంచి వచ్చే వెలుగు గది లోపలిదాకా పోతుంది. రాత్రి దీపం వెలిగితే పలుచని గుడ్డలోంచి నీడలు బయటికి కనబడతాయి గనుక పడక గదికి మాత్రం లోపలివైపు తెల్లని నూలు గుడ్డ మరొక పొర కుట్టించుకోవాలి.

కొలతల లెక్క

నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీ అనుకుందాం. కడ్డీ చట్రానికి యిరువైపులా జానెడు చొప్పున బయటికి వుండాలి. అంటే అయిదున్నర అడుగులు. అప్పుడు పరదా పక్కకు తీస్తే కిటికీ అంతా తెరుచుకుంటుంది, వెలుతురు గుడ్డ మాటున చిక్కదు. కడ్డీ చట్రానికి ఆరంగుళాలు పైన, గుడ్డ చట్రానికి ఆరంగుళాలు కింద. మడత కుట్లకు తొమ్మిది అంగుళాలు కలిపితే ఒక్కొక్క ముక్క 5 అడుగుల 9 అంగుళాలు. 48 అంగుళాల పన్నా గుడ్డ రెండు ముక్కలకు మూడున్నర మీటర్లు. నూలు గుడ్డ తడిస్తే కుంచించుకుపోతుంది గనుక మూడుముప్పావు మీటర్లు తీసుకొని, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరవేసిన తరువాతనే దర్జీకి యివ్వాలి.

దోమ, దుమ్ము

మహబూబాబాద్ జిల్లా గూడూరు, కొత్తగూడ, గంగారం వంటి అడవి మండలాలవారు మరొకటి గమనించాలి. పరదా దోమతెర కాదు. చట్రానికి సన్నని జాలీ విడిగా కొట్టించుకోవాలి. డెంగీ తెచ్చే దోమ పగలే కుడుతుంది. చీకటి మూలల్లో, వేలాడే బట్టల మాటున వాలుతుంది. నేల దాకా జీరాడే ముదురు పరదా దానికి మంచి చాటు అవుతుంది. గుడ్డ పొట్టిగా, లేత రంగుగా వుండి రోజూ దులిపితే ఆ చాటు తగ్గుతుంది.

భూపాలపల్లి బొగ్గు గనుల చుట్టుపక్కల, చెల్పూరు విద్యుత్ కేంద్రం దాపున తెల్లని పరదా త్వరగా మాసిపోతుంది. అక్కడ ఎండుగడ్డి రంగు మంచిది. ఒక జత ఉతుకులో వుంటే మరొక జత కిటికీకి వుండేలా రెండు జతలు కుట్టించుకుంటే సరి. పొయ్యి దగ్గరి కిటికీకి ఏ గుడ్డా వద్దు. పాలిస్టరయితే నిప్పు తగలగానే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

మగ్గం దగ్గరే గుడ్డ

పరదా గుడ్డ కోసం దూరం పోనక్కరలేదు. జనగామ జిల్లాలోని కొడకండ్ల నేతపనివారి వూరుగా పేరుపొందినది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. దర్రీ నేలకు తగినదేగాని కిటికీకి బరువు. అయితే ఆ నేర్పు గలవారికి లేత రంగు నూలు గుడ్డ నేయడం కష్టం కాదు. పని దొరకక యీ ప్రాంతపు నేత కుటుంబాలెన్నో షోలాపూర్‌కు, భివండికి, సూరత్‌కు తరలిపోయాయి. ఒక్క యింటివారు కొనే నాలుగు మీటర్లతో మగ్గం నిలవదు. వాడలో పది యిళ్లవారు కలిసి ఒకే రంగు, ఒకే పన్నా చెప్పి నేయించుకుంటే నేసేవారికి పని, కొనేవారికి కోరిన గుడ్డ దొరుకుతాయి.

ఎక్కడ కొన్నా ముందుగా మూరెడు ముక్క అడిగి తెచ్చుకోవడం మంచిది. మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి కిటికీకి అడ్డం పట్టి చూడాలి. పగలు ఆ గుడ్డ వెనుక పుస్తకంలోని అక్షరం కనబడాలి. రాత్రి బయటివారికి యింట్లో మనిషి కనబడకూడదు. రెండూ కుదిరిన గుడ్డనే కొనాలి.