కాంటెస్సా కొనేముందు ఇంజను నంబరు చదవండి

పాత కాంటెస్సా చూడటానికి వచ్చినవాళ్లు ముందు పెయింటు చూస్తారు, ఆ తర్వాత స్టార్ట్ చేయించి చప్పుడు వింటారు. యానాంలో మెకానిక్‌గా నేను వాళ్లకు చెప్పేది ఒక్కటే: బోనెట్ ఎత్తండి, ఆర్సీ చేతిలో పట్టుకోండి.

1984లో హిందుస్థాన్ మోటార్స్ ఈ కారు తెచ్చినప్పుడు లోపలున్నది అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనే. దాదాపు 50 హార్స్‌పవర్. అంత బరువైన బండిని అది ఈడ్చలేకపోయేది. ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజను, ఐదు గేర్లు వచ్చాకే కాంటెస్సా పరుగందుకుంది. పెట్రోలు ఖర్చు భరించలేక ఎందరో ఆ ఇంజను తీయించి డీజిల్ వేయించుకున్నారు. ఇప్పుడు గిరాకీ అంతా 1.8కే. అందుకని మళ్లీ ఎక్కడినుంచో తెచ్చి బిగిస్తున్నారు.

ఎక్కడినుంచంటే, అంబాసిడర్ నుంచే. 1990ల్లో వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లోనూ ఇదే ఇసుజు ఇంజను. కాబట్టి ఇసుజు అన్నంత మాత్రాన ఆ బండితో పుట్టిందని కాదు. చప్పుడు విని ఎవరూ చెప్పలేరు, నాతో సహా.

బ్లాకు మీద నంబరు కొట్టిన చోట కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడవండి. వైర్ బ్రష్ వాడొద్దు, ఉన్న ఆనవాళ్లు పోతాయి. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వాలుగా వేయండి. అంకెల లోతు ఒకేలా ఉందా? వరుస వంకర పోయిందా? ఈ గోదావరి ఒడ్డున, సముద్రపు ఉప్పుగాలికి, ముప్పై ఏళ్ల పోత ఇనుముకు తుప్పు మరక పడకుండా ఉండదు. బ్లాకంతా నల్లబడి, నంబరు చుట్టూ మాత్రం నున్నగా, కాస్త గుంటపడి మెరుస్తుంటే అక్కడ గ్రైండరు తగిలిందనే నా అనుమానం. తర్వాత పల్చటి కాగితం వేసి పెన్సిల్ రుద్దండి, ఆర్టీవో పనికి ఛాసిస్ నంబరు తీసినట్టే. కొన్నిసార్లు కంటికి ఆనని పాత గీతలు అందులో తేలతాయి.

ఆ ప్రింటును ఆర్సీతో అంకె అంకెకూ పోల్చాలి. పీవై 04 నంబరున్న బండి యానాంలోనే పుట్టిందనుకోకండి. వేరే రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ మీద వచ్చినదైతే పాత కాగితాలూ అడగండి. ఇంజను మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో రాయించాలి. ఆర్సీలో డీజిల్ అని, బోనెట్ కింద పెట్రోల్ ఇంజను ఉంటే ఆ బేరం నేను చేయను.

"వింటేజ్ బండి" అని ధర పెంచేవాళ్లున్నారు. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు నిండాలి. మొదటి కాంటెస్సాకైనా 2034 దాకా అది రాదు.

అంబాసిడర్ ఇంజను వేసిన కాంటెస్సా చెడ్డ బండేం కాదు. కాగితాలు సరిగ్గా ఉంటే హాయిగా తిరగొచ్చు. దానికి ఒరిజినల్ ధర మాత్రం పెట్టకండి. నంబరు తుడిచి చూస్తానంటే అమ్మేవాడు అడ్డుపడితే అడ్వాన్సు ఇవ్వకండి.